5.1 స్పీకర్లున్న గదికి ఏవీ రిసీవర్: ఏం చూసి ఎంచుకోవాలి, ఎలా అమర్చుకోవాలి?

శ్రవ్యదృశ్యం:

గది పొడవు 5 మీటర్లు, వెడల్పు 3.6, ఎత్తు 2.9. టీవీ పొట్టి గోడకు ఉంది, సోఫా దానికి ఎదురు గోడకు ఆనుకుని ఉంది. స్పీకర్లు మార్చే ఉద్దేశం లేదు. ముందు రెండు బుక్‌షెల్ఫ్‌లు, ఒక సెంటర్, పక్కలకు రెండు చిన్న సరౌండ్‌లు, 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ (సొంత ఆంప్లిఫయర్ ఉన్న బేస్ స్పీకర్, సబ్) ఉన్నాయి, అంటే 5.1. ముందు మూడింటి వెనక 6 ఓమ్‌లు, 88 డెసిబెల్ అని రాసి ఉంది. ఇప్పుడున్న ఏవీ రిసీవర్ (బొమ్మను టీవీకి, శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె) 4కె సిగ్నల్‌ను దాటించలేదు కాబట్టి కొత్తది కొనాలి.

ఎన్ని వాట్లది తీసుకోవాలి? 5 ఛానళ్లు చాలా, 7 కావాలా, 9 కావాలా? గేమ్ కన్సోల్ 4కె 120 హెర్ట్జ్ ఇస్తుంది, దాన్ని రిసీవర్‌కు కలపాలా, నేరుగా టీవీకి కలపాలా? ఇంకో సంగతి. ఇప్పటి రిసీవర్‌తో మాటలు సరిగా వినబడవు, వాల్యూమ్ పెంచితే పేలుళ్లు అదిరిపోతాయి. సబ్ ఏం వేసినా ఒకటే మోత మోగుతుంది. కొత్త రిసీవర్‌తో ఇవి పోతాయా?

మంద్రస్థాయి:

చివరి ప్రశ్న ముందు తీసుకుంటానండీ. ఆ రెండు బాధలూ చాలావరకు రిసీవర్‌వి కావు, గదివీ అమరికవీ. ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా సోఫా అక్కడే ఉండి, సబ్ కూడా ఉన్నచోటే ఉంటే మోత కూడా అలాగే ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడు వాట్ల మీద కాకుండా గదిని కొలిచి సరిదిద్దే ప్రోగ్రామ్ మీద డబ్బు పెట్టండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

వాట్ల సంగతి చూద్దాం. అట్టపెట్టె మీది పెద్ద అంకెను వదిలేసి స్పెసిఫికేషన్ షీట్ తెరవండి. అంకె పక్కన "6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 ఛానల్" అని ఉంటే దాన్ని పట్టించుకోకండి. "8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, 2 ఛానళ్లు" అని ఉన్న వరుసతోనే రెండు మోడళ్లను పోల్చాలి. ఒకే రిసీవర్ మొదటి లెక్కలో 150 వాట్లు దాటి, రెండో లెక్కలో 80 దగ్గర ఆగడం మామూలే. ఇది కూడా రెండు ఛానళ్లు మాత్రమే నడుస్తున్నప్పటి మాట. పవర్ సప్లై అన్నింటికీ ఒకటే కాబట్టి ఐదూ ఒకేసారి పూర్తిగా లాగితే ఒక్కోదానికి అంత రాదు. అదృష్టవశాత్తు సినిమాల్లో ఐదూ ఒకేసారి శిఖరానికి వెళ్లే క్షణాలు తక్కువ.

మీ గదికి ఎంత కావాలో లెక్క వేద్దాం. 88 డెసిబెల్ అనేది 2.83 వోల్టులకు, 1 మీటరు దూరంలో కొలిచినది. 6 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే 1.33 వాట్లు, అంటే 1 వాటుకు దాదాపు 87. సోఫాను కాస్త ముందుకు జరిపి (ఎందుకో కింద చెబుతాను) 3.4 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకుంటే దూరం వల్ల 10.6 తగ్గుతుంది, మిగిలేది 76. గది గోడల ప్రతిధ్వని ఒక 3 కలుపుతుందనుకుంటే 79. వాట్లు రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్ పెరుగుతుంది, కాబట్టి 64 వాట్లకు 18 పెరిగి 97 అవుతుంది. సినిమా రిఫరెన్స్ స్థాయిలో (అంటే థియేటర్ స్థాయి, రిసీవర్ వాల్యూమ్ మీద 0) ఒక్కో ముందు స్పీకర్ శిఖరం 105 డెసిబెల్. ఇంట్లో ఎవరూ 0 దగ్గర వినరు. వాల్యూమ్ మైనస్ 10 అంటేనే గట్టిగా విన్నట్టు, అక్కడ శిఖరం 95. అంటే రెండో లెక్కలో 80 నుంచి 100 వాట్లున్నది మీకు సరిపోతుంది. 80కీ 100కీ మధ్య తేడా 1 డెసిబెల్ మాత్రమే, దానికోసం పై మోడల్‌కు వెళ్లొద్దు. మాన్యువల్‌లో 6 ఓమ్‌ల స్పీకర్లకు అనుమతి ఉందా అన్నది మాత్రం తప్పనిసరిగా చూసుకోండి.

ఛానళ్లు: 7 తీసుకోండి. సోఫా వెనక స్థలం లేదు కాబట్టి మిగిలిన రెండింటిని వెనక స్పీకర్లకు వాడకుండా, పైకప్పులో రెండు పెట్టి 5.1.2 చేసుకోవచ్చు. పైన నాలుగు కావాలనుకుంటే 9 ఆంప్లిఫయర్ ఛానళ్లు కావాలి. 7లో మిగిలే రెండు ఛానళ్లనూ ముందు స్పీకర్లకు కలిపి బై-ఆంప్ చేయమని కొందరు సలహా ఇస్తారు. పవర్ సప్లై అదే, వోల్టేజీ పరిమితీ అదే. తీగలు రెట్టింపవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

గది సరిదిద్దే ప్రోగ్రామ్: డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిస్సీ ఉంటుంది. అందులో మళ్లీ మామూలు మల్టీఈక్యూ, ఎక్స్‌టీ, ఎక్స్‌టీ32 అని మెట్లున్నాయి. మొదటిది 6 చోట్ల కొలుస్తుంది, మిగతా రెండూ 8 చోట్ల. ఎక్స్‌టీ32 ఫిల్టర్లు చాలా సూక్ష్మమైనవి, సబ్ దగ్గర ఆ తేడా చెవికి తెలుస్తుంది. యమహాలో వైపావో ఉంటుంది. ఆన్క్యో, పయొనీర్‌ల కొత్త మోడళ్లు కొన్నింటిలో డిరాక్ లైవ్ వస్తుంది. అయితే కొన్నిచోట్ల పూర్తి బేస్ పరిధికి లైసెన్స్ విడిగా కొనాలి, ముందే కనుక్కోండి. నా ఓటు ఎక్స్‌టీ32కో డిరాక్‌కో. ముందు మూడు ఛానళ్లకైనా ప్రీ-అవుట్ (బయటి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉంటే, రేపు విడి పవర్ ఆంప్లిఫయర్ పెట్టుకోవాలన్నా దారి ఉంటుంది.

ఇక సోఫా. 5 మీటర్ల పొడవుకు మొదటి నిలువు తరంగం శబ్ద వేగం 343ను పొడవుకు రెట్టింపైన 10తో భాగిస్తే వస్తుంది: 34 హెర్ట్జ్. రెండోది 69. గోడ దగ్గర ఇవన్నీ గరిష్ఠంగా ఉంటాయి, మీకు వినిపిస్తున్న ఒకటే మోత అదే. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే 34 మాయమవుతుంది. వెనక గోడకు 1.25 మీటర్ల దూరంలో 69 మాయమవుతుంది. కాబట్టి తల వెనక గోడకు 60 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య ఉండేలా చూడండి. పైసా ఖర్చులేని ఈ మార్పు రిసీవర్ మార్పుకన్నా ఎక్కువ వినిపిస్తుంది.

తీగమేస్త్రీ:

కన్సోల్ గురించి. మీ టీవీకి ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే రిసీవర్‌కు వెనక్కి పంపే దారి) ఉంటే కన్సోల్‌ను నేరుగా టీవీకే కలపండి. రిసీవర్ హెచ్‌డీఎంఐ పోర్టులు ఎంత వేగానివి అన్న చర్చే ఉండదు. ఈ-ఆర్క్ మీద 8 ఛానళ్ల అన్‌కంప్రెస్డ్ పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం), డాల్బీ ట్రూహెచ్‌డీ కూడా వెళతాయి. పాత ఆర్క్ మీద అంత జాగా లేదు. స్ట్రీమింగ్‌లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్, అందులోని అట్మాస్ (పైనుంచి వచ్చే శబ్దాలూ ఉండే ఫార్మాట్) మాత్రం వెళతాయి. ఆప్టికల్ తీగ మీద మామూలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 దగ్గరే ఆగిపోవాలి.

ఒక మెలిక ఉంది. కొన్ని టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన డీటీఎస్‌ను రిసీవర్‌కు దాటనివ్వవు. మీకు డిస్క్ ప్లేయర్ ఉంటే దాన్ని రిసీవర్‌కే కలపండి, కన్సోల్ ఒక్కటీ టీవీకి.

రిసీవర్ గుండానే 4కె 120 పంపాలనుకుంటే "8కె" అన్న ముద్ర చూసి మోసపోకండి, పోర్టు ఎన్ని గిగాబిట్లదో చూడండి. 40 ఉన్నది కావాలి, 24 ఉన్నచోట రంగుల వివరంలో రాజీ పడాల్సి వస్తుంది. అన్ని పోర్టులూ ఒకేలా ఉండవు, కొన్ని మోడళ్లలో ఒక్కటే వేగమైనది. 2020లో వచ్చిన తొలి హెచ్‌డీఎంఐ 2.1 రిసీవర్లలో కొన్నింటికి 4కె 120 వస్తే తెర నల్లబడే చిప్ లోపం ఉండేది. ఎవరైనా వాడినది అమ్ముతుంటే ఆ ఏడాది మోడళ్ల దగ్గర జాగ్రత్త.

తీగలు: 4కె 120 వెళ్లే చోటల్లా "అల్ట్రా హై స్పీడ్" ధ్రువీకరణ ఉన్న 48 గిగాబిట్ల తీగ. 4కె 60కి "ప్రీమియం హై స్పీడ్", అంటే 18 గిగాబిట్లది, చాలు. రాగి తీగలో 48 గిగాబిట్లు 5 మీటర్లు దాటితే నమ్మకం ఉండదు, అప్పుడు యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కావాలి. దానికి దిశ ఉంటుంది. "డిస్‌ప్లే" అని రాసిన కొస టీవీ వైపే ఉండాలి, ఈ-ఆర్క్‌లో శబ్దం వెనక్కి వస్తున్నా సరే. తిప్పి పెట్టి గోడలో పూడిస్తే మళ్లీ లాగాల్సిందే. అందుకే హెచ్‌డీఎంఐ పిన్ను పట్టేంత వెడల్పు పైపులోనే వేయండి, గోడలో నేరుగా పూడ్చకండి.

స్పీకర్ తీగకు సూత్రం ఒకటే: రానూపోనూ తీగ నిరోధం స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదు. 6 ఓమ్‌లకు అది 0.3. 16 గేజ్ రాగి మీటరుకు 0.0132 ఓమ్‌లు, రానూపోనూ రెట్టింపు, అంటే 11 మీటర్ల వరకు పర్వాలేదు. 14 గేజ్ అయితే 18 మీటర్లు. మీ ముందు మూడింటికి 16 సరిపోతుంది. సరౌండ్‌లకు తీగ గోడల వెంట తిరిగి వెళుతుంది కాబట్టి 14 వేయండి. చుట్ట మీద "సీసీఏ" అని ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, నిరోధం ఎక్కువ, వంచినచోట విరుగుతుంది. పూర్తి రాగిదే అడగండి. కరెంటు తీగల పక్కనే సమాంతరంగా లాగొద్దు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

శ్రవ్యదృశ్యం:

ఇద్దరికీ ధన్యవాదాలు. టీవీకి ఈ-ఆర్క్ ఉంది. సోఫాను 75 సెంటీమీటర్లు ముందుకు జరపగలను. రిసీవర్ వచ్చాక ఏది ముందు, ఏది తరువాత అన్నది చెప్పగలరా? రిసీవర్‌తో వచ్చే మైకు పెట్టి బటన్ నొక్కితే అంతా అదే చేసుకుంటుందా?

మైకు_ముక్కాలి:

మైకు కొలుస్తుంది, చోట్లు మార్చదు. కాబట్టి చోట్లు ముందు, మైకు తరువాత.

ముందు రెండు స్పీకర్లు మీరు కూర్చునే చోటు నుంచి చూస్తే మధ్య గీతకు చెరో వైపు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. 3.4 మీటర్ల దూరానికి 27 డిగ్రీలంటే రెండింటి మధ్య దాదాపు 3.1 మీటర్లు. మీ గది వెడల్పు 3.6 కాబట్టి పక్క గోడలకు మరీ అంటుకుంటాయి. 2.7 మీటర్ల ఎడం చాలు, అప్పుడు కోణం 23 వస్తుంది. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే భాగం) చెవి ఎత్తులో ఉండాలి. సరౌండ్‌లు వెనక కాదు, పక్కలకు: 90 నుంచి 110 డిగ్రీల మధ్య, చెవికి కొంచెం పైన. పైకప్పు స్పీకర్లు పెడితే తలకు సరిగ్గా నెత్తిన కాకుండా కాస్త ముందుకు.

సబ్‌కు చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. సబ్‌ను సోఫా మీద మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ గిటార్ మెట్లు మెట్లుగా నడిచే పాట వేసి, ముందు గోడ వెంట వంగి చెవిని నేలకు దగ్గరగా పెట్టి నడవండి. ఏ స్వరమూ మింగకుండా, ఏదీ ఉబ్బకుండా సమంగా వినబడే చోటు దొరికితే సబ్ అక్కడికి వెళుతుంది. మూలలో మోత ఎక్కువ, సమత్వం తక్కువ.

రిసీవర్‌ను తలుపులున్న అలమరలో పెట్టొద్దు. పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, దానిమీద ఇంకే పెట్టే ఉండకూడదు. వేడి మీద వేడి కూర్చుంటే అదే ఆగిపోతుంది.

కరెంటు పెట్టకముందే తీగలన్నీ కలపండి. ఇన్సులేషన్ 10 మిల్లీమీటర్లు మాత్రమే ఒలిచి, పోగులన్నీ బాగా మెలితిప్పండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళుతుంది, అంటే తనను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. బనానా ప్లగ్‌లు వాడితే ఆ భయం తక్కువ. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఒక స్పీకర్ తిరగబడితే బేస్ పలచబడుతుంది, మధ్యలో రావాల్సిన గొంతు ఎక్కడో తేలుతుంది. సబ్ వెనక క్రాసోవర్ నాబ్‌ను (సబ్ ఏ హెర్ట్జ్ దాకా పలకాలో కోసేది) గరిష్ఠానికి తిప్పండి, "ఎల్ఎఫ్ఈ" (సినిమాల్లో బేస్‌కు విడిగా ఉండే ఛానల్) స్విచ్ ఉంటే అందులో పెట్టండి. ఆ కోత రిసీవర్ చేయాలి. రెండూ కోస్తే 80 హెర్ట్జ్ దగ్గర గుంత పడుతుంది. ఫేజ్ 0. గెయిన్ నాబ్ (సబ్ సొంత వాల్యూమ్) సగం దగ్గర. సబ్‌కు ఆటో ఆన్ ఉంటే కొలిచేటప్పుడు దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, నిద్రపోతే కొలతే రాదు.

తరువాత ఇంటర్నెట్‌కు కలిపి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఇది కొలత ముందే కావాలి, కొన్ని అప్‌డేట్లు సెట్టింగులను చెరిపేస్తాయి. టీవీలో హెచ్‌డీఎంఐ-సీఈసీ (టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపే సౌకర్యం), ఈ-ఆర్క్ ఆన్ చేసి, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను "పాస్-త్రూ"లో పెట్టండి. "పీసీఎం"లో వదిలేస్తే చాలా టీవీలు 2 ఛానళ్లకు కుదించి పంపుతాయి. రిసీవర్ డిస్‌ప్లే మీద వస్తున్న సిగ్నల్ పేరు కనిపిస్తుంది, అక్కడ డాల్బీ, డీటీఎస్, మల్టీఛానల్ పీసీఎంలలో ఏదీ రాకపోతే మీరు వింటున్నది అసలు 5.1 కాదు. మీ పాత రిసీవర్‌లో మాటలు పోవడానికి ఇది కూడా కారణమై ఉండొచ్చు. డిస్క్ ప్లేయర్‌ను రిసీవర్‌కు కలిపితే ఆ ఇన్‌పుట్‌కు 4కె సిగ్నల్ ఫార్మాట్‌ను "స్టాండర్డ్" నుంచి "ఎన్‌హాన్స్‌డ్"కు మార్చాలి, లేకపోతే హెచ్‌డీఆర్ పూర్తిగా రాదు.

ఇప్పుడు మైకు. దాన్ని సోఫా వీపు మీదో దిండు మీదో పెట్టకండి. కెమెరా ముక్కాలి మీద, చెవి ఎత్తులో, కొన పైకప్పు వైపు ఉండాలి. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపండి, మైకుకూ స్పీకర్లకూ మధ్య మీరు నిలబడొద్దు. మొదటి కొలత ముఖ్యమైన సీటు మధ్యలోనే తీయాలి, దూరాలూ స్థాయిలూ దాన్నిబట్టే నిర్ణయమవుతాయి. మిగతా ఏడూ దాని చుట్టూ 30 నుంచి 60 సెంటీమీటర్లలోపు. గోడకు అర మీటరులోపు వెళ్లొద్దు. గదంతా తిరిగి కొలిస్తే అందరికీ సగం సగం మంచి జరిగి, ఎవరికీ పూర్తిగా జరగదు. ఒక్క చోటే ఎనిమిది సార్లు కొలిచినా అది తప్పే.

కొలత అయ్యాక అన్ని స్పీకర్లనూ "స్మాల్" (కింది స్వరాలను సబ్‌కు వదిలేసే సెట్టింగు) చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. ఎల్ఎఫ్ఈ ఫిల్టర్ 120. సబ్ మోడ్ "ఎల్ఎఫ్ఈ" మాత్రమే, "ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్" కాదు.

మంద్రస్థాయి:

చివరి పేరాలో ఒక్క సవరణ, ముక్కాలి గారూ. అన్నింటికీ 80 అనకండి. క్రాసోవర్‌ను ప్రోగ్రామ్ చెప్పిన అంకెకన్నా పైకి జరపొచ్చు, కిందికి జరపకూడదు. వీరి సరౌండ్‌లు చిన్నవి. వాటికి 110 అనో 120 అనో వస్తే అది గదిలో వాటి అసలు శక్తి. 80కి దించితే ఆ మధ్య 40 హెర్ట్జ్‌ను స్పీకర్ పలకలేదు, ప్రోగ్రామ్ సరిదిద్దదు, సబ్‌కూ వెళ్లదు. ముందు మూడింటికి 40 వచ్చినా 60 వచ్చినా 80కి పెంచమనడంలో మాత్రం నేనూ మీతోనే ఉన్నాను. 80 కింది భారం సబ్ మోస్తే రిసీవర్‌కు వాట్లు మిగులుతాయి, నా లెక్కలో 64 వాట్లు చాలడానికి అదీ కారణమే.

మాటల గురించి ఎవరూ విడిగా చెప్పలేదు. సెంటర్ స్పీకర్ అల్మరా లోపలికి ఉంటే ముందుకు లాగి దాని ముఖం అంచుకు వచ్చేలా పెట్టండి. లోపలికి ఉంటే కింది పలక మీద ప్రతిఫలించి గొంతు బొంగురుపోతుంది. చెవికన్నా కింద ఉంటే ముందు కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టి ట్వీటర్‌ను చెవివైపు తిప్పండి. కొలత మళ్లీ చేయండి. అప్పటికీ చాలకపోతే సెంటర్ స్థాయిని 1.5 నుంచి 2 డెసిబెల్ పెంచండి, అంతకు మించితే ముందు వేదిక కుంచించుకుపోతుంది. రాత్రిపూట పేలుళ్లు ఇబ్బంది అయితే డైనమిక్ రేంజ్ (చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడా) తగ్గించే సెట్టింగు అప్పటికప్పుడు వాడుకోండి, ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి.

శ్రవ్యదృశ్యం:

7 ఛానళ్లది, ఎక్స్‌టీ32 ఉన్నది తీసుకున్నాను. మీరు చెప్పిన వరుసలోనే చేశాను. ఫలితాలు: ముందు రెండూ "లార్జ్" అని వచ్చాయి, క్రాసోవర్ సెంటర్‌కు 60, సరౌండ్‌లకు 120. సబ్ స్థాయి మైనస్ 12. సబ్ దూరం టేపుతో 3.1 మీటర్లు, రిసీవర్ 4.6 అంటోంది. ఎడమ సరౌండ్‌కు ఫేజ్ తప్పు అని హెచ్చరిక వచ్చింది, తీగ సరిగానే ఉంది. బేస్ ముందుకన్నా చాలా శుభ్రంగా ఉంది గానీ తక్కువగా అనిపిస్తోంది.

మైకు_ముక్కాలి:

మైనస్ 12 అన్నది ఆ రిసీవర్ దించగల చివరి మెట్టు. అది ఇంకా కిందికి వెళ్లాలనుకుని ఆగిపోయింది, అంటే సబ్ గెయిన్ ఎక్కువ. సగం నుంచి పావుకు దగ్గరగా తిప్పండి. ఆడిస్సీ మొదట్లో సబ్‌ను 75 డెసిబెల్‌కు తెమ్మని చూపిస్తుంది, అక్కడ 75కన్నా కాస్త పైకి తెచ్చి వదలండి, కొలత మైనస్ 3 నుంచి మైనస్ 9 మధ్య రావాలి, అదే మనకు కావాల్సిన పరిధి. తరువాత రుచికి తగ్గట్టు రిసీవర్‌లో 2, 3 డెసిబెల్ పెంచుకోవడానికి చోటు ఉంటుంది. గెయిన్ నాబ్‌ను కొలత అయ్యాక ముట్టుకోవద్దు.

దూరం 4.6 అన్నది తప్పు కాదు, టేపు చూసి మార్చకండి. రిసీవర్ కొలిచేది శబ్దం చేరే సమయం. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ ఆలస్యం చేస్తాయి, ప్రతి 1 మిల్లీసెకనూ 34 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. మీ సబ్ దాదాపు 4.4 మిల్లీసెకన్లు ఆలస్యంగా పలుకుతోంది. ఆ ఆలస్యాన్ని సరిదిద్దడానికే ఆ అంకె.

ఫేజ్ హెచ్చరిక: తీగ రెండు చివర్లా చూసి సరిగా ఉంటే "స్కిప్" చేయండి. పక్క గోడ ప్రతిఫలనం వల్ల కూడా అలా వస్తుంది. అనుమానం తీరాలంటే రిసీవర్ నుంచి తీగ విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎరుపు కొసకు, మైనస్‌ను నలుపుకు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదిలితే సరిగానే ఉంది.

లార్జ్‌ను స్మాల్ చేసి 80, సెంటర్ కూడా 80. సరౌండ్‌ల 120 అలాగే ఉంచండి. "లార్జ్" అన్న మాటకు స్పీకర్ గొప్పతనంతో సంబంధం లేదు, అది 40 హెర్ట్జ్ దాకా ఏదో పలుకుతోందని మాత్రమే.

బేస్ తక్కువ అనిపించడంలో కొంత అలవాటు కూడా ఉంది. 34 హెర్ట్జ్ మోతను ఇన్నాళ్లూ బేస్ అనుకున్న చెవి అది పోయాక వెలితి పడుతుంది. డైనమిక్ ఈక్యూ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బేస్ తగ్గినట్టు ఉంటుంది, అది దాన్ని పూడుస్తుంది. సినిమాలకు రిఫరెన్స్ ఆఫ్‌సెట్ 0, పాటలకు 10 పెట్టి చూడండి. పాటలు సినిమాలకన్నా ఎక్కువ స్థాయిలో రికార్డు అవుతాయి, 0 దగ్గర బేస్ మితిమీరుతుంది.

ఇంకా శ్రద్ధ ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ కొలత మైకు తెచ్చుకోండి. సెంటర్, సబ్ కలిసి పలుకుతున్నప్పటి గీత తీసి 80 దగ్గర లోయ ఉంటే, సబ్ దూరాన్ని 30 సెంటీమీటర్ల చొప్పున మారుస్తూ లోయ పూడేదాకా చూడండి. 4.6 నుంచి కదపాల్సిన సందర్భం ఇదొక్కటే.

కొత్తగళం:

మధ్యలో వచ్చినందుకు క్షమించండి, నాదీ ఇలాంటి అమరికే. రెండు సమస్యలు. సబ్ ఏమీ వేయకపోయినా సన్నగా గుర్రు పెడుతుంది. వారంగా రిసీవర్ ఆన్ చేసిన కాసేపటికి ఆరిపోయి ఎర్రలైటు మిణుకుతోంది.

తీగమేస్త్రీ:

రెండోది ముందు. ప్లగ్ తీసి, అన్ని స్పీకర్ తీగలూ విప్పి, మళ్లీ ఆన్ చేయండి. అప్పుడూ ఆరిపోతే లోపం లోపలే ఉంది, సర్వీసుకే పంపాలి. మూత తీసి వెతకొద్దు, కెపాసిటర్లలో ప్లగ్ తీసినా కరెంటు నిలిచి ఉంటుంది. నిలబడితే లోపం తీగల్లోనో స్పీకర్‌లోనో. మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి రిసీవర్ వైపు ఒక్కో స్పీకర్ తీగ ఎరుపు, నలుపు కొసల మధ్య చూడండి. 6 ఓమ్‌ల స్పీకర్‌కు 4 నుంచి 5.5 దాకా చూపించాలి, 8 ఓమ్‌లకు 6 చుట్టూ. సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో షార్ట్ ఉంది: గోడ మేకు, సోఫా కాలు కింద నలిగిన తీగ, టెర్మినల్ దగ్గర విడిపోయిన పోగు. ఏమీ చూపించకపోతే తీగ తెగింది లేదా కాయిల్ పోయింది. అన్నీ బాగుండి గట్టిగా విన్నప్పుడే ఆరిపోతుంటే వేడి. పైన గాలి ఆడుతోందా, రంధ్రాల్లో దుమ్ము కట్టిందా చూడండి.

గుర్రుకు: సబ్ నుంచి సిగ్నల్ తీగ పీకండి. అయినా గుర్రు ఉంటే సబ్ ఆంప్లిఫయర్‌దే. ఆగితే గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు. సబ్‌నూ రిసీవర్‌నూ ఒకే ప్లగ్ బోర్డుకు మార్చండి. పోకపోతే టీవీకి వచ్చే కేబుల్ కనెక్షన్ ఒక్కటీ విప్పి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. అదే అయితే ఆ కేబుల్‌కు గ్రౌండ్ ఐసొలేటర్ పెడితే సరిపోతుంది. కేబుల్ కాకపోతే సబ్ సిగ్నల్ తీగలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, కింది బేస్‌ను కోయని మంచిది చూసుకోండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే గుర్రు పోతుందని ఎవరైనా చెబితే వినకండి. పోతుంది నిజమే, కానీ లోపల ఒక తీగ ఊడి బాడీకి తగిలిన రోజు దాన్ని ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు.